వేపచెక్క లింగం, మునిగిపోయిన మా ఊరు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు ఫోన్ చేసినప్పుడు, "నేను ఇంజనీర్ని, రిపోర్టులు తప్ప నాకు వ్యాసాలు రావు" అని తప్పించుకోబోయాను. ఫోన్ పెట్టేశాక గుర్తుకొచ్చింది, మన బడికి నేను ఒక వ్యాసం బాకీ ఉన్నానని. తొమ్మిదో తరగతిలో మన తెలుగు సార్ ఇచ్చిన ఇంటిపని అది. అంశం "మా ఊరు". 1984లో ఇచ్చిన ఆ పనిని నలభై ఏళ్లు దాటాక ఇప్పుడు పూర్తి చేస్తున్నాను. ఆలస్యానికి సార్ మన్నించాలి.

అప్పట్లో మా ఇల్లు కుషాయిగూడలో. నాన్న ఈసీఐఎల్‌లో ఫిట్టర్. మన తరగతిలో సగం మంది ఇళ్లు ఇలాంటివే. 1967లో ఈసీఐఎల్, ఆ తర్వాత ఎన్ఎఫ్‌సీ వచ్చాక, ఎక్కడెక్కడి జిల్లాల నుంచో జనం వచ్చి కాప్రా చుట్టూ స్థిరపడ్డారు. సైనిక్‌పురి వైపు మాజీ సైనికుల కుటుంబాలు. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే ఎవరి ఊరికి వాళ్లు బస్సెక్కేవాళ్లం. జూన్‌లో తిరిగొచ్చి, మా ఊళ్లో ఇది ఉంది, మా ఊళ్లో అది ఉంది అని గొప్పలు చెప్పుకునేవాళ్లం. 1981 తర్వాత నేను ఆ గొప్పలు చెప్పడం మానేశాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ఏడు నదుల చోటు

మా ఊరు కర్నూలు జిల్లాలో, కృష్ణ కుడి ఒడ్డున, సంగమేశ్వరం పక్కన ఉండేది. ఇప్పుడది నంద్యాల జిల్లా, కొత్తపల్లె మండలం కిందికి వస్తుంది. నల్లరేగడి చేలు, జొన్న, కొర్ర, మట్టి మిద్దెలు. ఏటికి అవతల సోమశిల, కొల్లాపురం వైపు కొండలు. పుట్టి ఎక్కితే అవతలి ఒడ్డు. ఊరి పేరు నేను కావాలనే రాయడం లేదు. రాసినా ఇప్పటి పటంలో దొరకదు. సంగమేశ్వరం అంటే మాత్రం ఎవరైనా చూపిస్తారు.

సంగమేశ్వరాన్ని సప్తనదీ సంగమం అంటారు. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి ఇక్కడ కలుస్తాయని పెద్దల మాట. ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో నదుల పటం ముందు పెట్టుకుని దీన్ని సరిచూశాను. తుంగ, భద్ర కర్ణాటకలోని కూడ్లి దగ్గరే కలిసిపోతాయి. మలాపహారిణి అంటే మలప్రభ, కూడలసంగమం దగ్గర కృష్ణలో కలుస్తుంది. భీమ రాయచూరు ఎగువన, తుంగభద్ర అలంపురం దగ్గర కృష్ణను చేరతాయి. నల్లమల వైపు నుంచి వచ్చే భవనాశి ఒక్కటే నిజంగా ఇక్కడ వచ్చి కలిసేది. "ఏడు నదులు ఇక్కడ కలవవు జేజీ" అని సెలవుల్లో మా నాయనమ్మతో వాదించాను. ఆమె నవ్వి, "ఎక్కడ కలిస్తేనేమి నాయనా, ఈడికొచ్చేసరికి అన్నీ ఒకటే నీళ్లు గదా" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు.

ఆ సంగమం ఒడ్డున చిన్న గుడి. అందులోని లింగం రాతిది కాదు, వేపచెక్కది. వనవాసంలో ఉన్న పాండవులు శ్రీశైలం దర్శించి ఇక్కడికి వచ్చారని, ధర్మరాజు శివలింగం ప్రతిష్ఠించాలనుకుని కాశీ నుంచి తెమ్మని భీముణ్ణి పంపాడని స్థలపురాణం. భీముడు ముహూర్తానికి రాలేదు. ఋషులు చెప్పగా ధర్మరాజు అక్కడే ఉన్న వేప మొద్దును లింగంగా మలిచి ప్రతిష్ఠ చేశాడట. ఆలస్యంగా వచ్చిన భీముడు కోపంతో తాను తెచ్చిన లింగాన్ని నదిలోకి విసిరేశాడట. రామేశ్వరంలో హనుమంతుడి కథ తెలిసినవాళ్లకు ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. నాకు చిన్నప్పుడు ఈ కథలో నచ్చింది ఒక్కటే. కాశీ నుంచి వచ్చిన లింగం ఏటి పాలైంది, పెరట్లో దొరికే వేపచెక్క దేవుడైంది.

శివరాత్రికి సంగమేశ్వరంలో జనం. మిగతా రోజుల్లో గుడి మా పిల్లలదే. లోపల చీకటి, నూనె వాసన, చెక్క మీద చెయ్యి వేస్తే రాయిలా చల్లగా ఉండదు. అంతే. అంతకంటే గొప్పగా నాకేమీ తెలియదు.

గోడ మీద అంకె

శ్రీశైలం ప్రాజెక్టు పని 1960లలో మొదలైంది. 1963లో ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట ఇది విద్యుత్తు కోసం అనుకున్న ప్రాజెక్టు, తర్వాత సాగునీరు, తాగునీరు కూడా చేరాయి. 512 మీటర్ల పొడవున్న ఆనకట్ట, 12 రేడియల్ గేట్లు, పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. కుడిగట్టున 110 మెగావాట్ల యూనిట్లు ఏడు. ఈ అంకెలు ఇప్పుడు నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. చిన్నప్పుడు నాకు తెలిసిన అంకె ఒక్కటే, మా ఇంటి గోడ మీద రంగుతో రాసినది.

ఒక వేసవిలో ఊరికి వెళ్లేసరికి ప్రతి ఇంటి గోడ మీద ఇలాంటి అంకె ఉంది. కుషాయిగూడలో మా ఇంటికీ నంబరు ఉండేది కాబట్టి, మా ఊరు కూడా పట్నం అయిపోతోందని సంబరపడ్డాను. పోస్ట్‌మ్యాన్ ఇక తేలిగ్గా ఉత్తరాలు తెచ్చిస్తాడని జేజికి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. అది ముంపు జాబితాలో మా ఇంటి వరుస సంఖ్య. నష్టపరిహారం లెక్కకట్టడానికి వేసినది.

అదే కాలంలో ఇంకో రకం అంకెలు కూడా పడుతున్నాయి, గుళ్ల రాళ్ల మీద. జలాశయం నిండేలోపు ముఖ్యమైన పాత ఆలయాలను ఎత్తు ప్రాంతాలకు తరలించాలని నిర్ణయించారు. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం, బాదామి చాళుక్యుల కాలం నాటిది, అలంపురం చేరింది. పాపనాశి గుళ్లు ఇరవైకి పైగా ఉన్న సముదాయం, అవీ అలంపురం పక్కకు వచ్చాయి. జటప్రోలు గుళ్లను తరలించారు. మా సంగమేశ్వరం దగ్గరే ఉన్న రాతిగుడి, రూపాల సంగమేశ్వరాన్ని, కర్నూలు దగ్గరి జగన్నాథగట్టు మీదికి తీసుకెళ్లారు.

ఈ పని ఎలా చేస్తారో ఇంజనీర్ని కాబట్టి కొంచెం చెబుతాను. ముందు గుడిని నాలుగు వైపులా కొలిచి గీస్తారు, ఫొటోలు తీస్తారు. ప్రతి రాతికీ ఒక సంఖ్య. ఏ గోడ, కింది నుంచి ఎన్నో వరుస, ఆ వరుసలో ఎన్నో రాయి అన్నది ఆ సంఖ్యలోనే ఉంటుంది. విప్పేటప్పుడు శిఖరం నుంచి కిందికి, కట్టేటప్పుడు పునాది నుంచి పైకి. చాళుక్యుల గుళ్లు చాలావరకు సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి కాబట్టి విప్పడం సాధ్యమైంది. ఒక్క సంఖ్య చెరిగిపోతే ఆ రాయి ఎక్కడిదో చెప్పడం కష్టం. అందుకే ఈ పని చేసినవాళ్లంటే నాకు ఇప్పటికీ గౌరవం.

కానీ ఆ వేసవిలో, 1981లో, అరుగు మీద కూర్చుని జేజి మా నాన్నను అడిగిన ప్రశ్న ఇది:

"గుడి రాళ్లకు నంబర్లేసి ఎత్తకపోతాండారంట గదా. మనింటికి గూడా ఏసినారు. మనింటిని ఎప్పుడు ఎత్తకపోతారు నాయనా?"

నాన్న జవాబు చెప్పలేదు. అప్పుడు నాకు పదేళ్లు. రెండు చోట్లా రంగుతో రాసిన అంకెలే. ఒకటి తిరిగి కట్టడానికి, ఒకటి కొట్టేయడానికి. ఈ తేడా నాకు అర్థమయ్యేసరికి నేనూ అదే ఉద్యోగంలో ఉన్నాను.

శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి. లక్షకు పైగా జనం కదిలారు. 1981లో ఊళ్లు ఖాళీ చేయించడం ముమ్మరమైంది. మా ఊళ్లో జనం మిద్దెలు తామే విప్పుకున్నారు. దూలాలు, దంతెలు, తలుపులు బండ్లకెక్కాయి. చెక్క ఎక్కడైనా పనికొస్తుంది, మట్టిగోడ పనికిరాదు. జేజి మా వాకిలి తలుపు, తొక్కుడు రాయి రెండూ తెచ్చుకుంటానంది. తలుపు వచ్చింది, రాయి రాలేదు. ముంపు కుటుంబాల్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలన్న 98వ నంబరు జీవో 1986లో వచ్చింది. దాని పేరు ఆ ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. దాని కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లయినవాళ్లూ ఉన్నారు.

సంగమేశ్వరం చిన్నగుడి, వేపచెక్క లింగం మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. వాటి మీదికి నీళ్లొచ్చాయి.

ఖాళీ పేజీ

జేజి కుషాయిగూడ వచ్చేసింది. రెండు గదుల అద్దె ఇంట్లో, ఊరి నుంచి వచ్చిన ఆ పెద్ద తలుపును గోడకు ఆనించి పెట్టారు. దాన్ని బిగించడానికి ద్వారబంధం లేదు. దాని మీద బట్టలు ఆరేసేవాళ్లం.

తొమ్మిదో తరగతిలో తెలుగు సార్ "మా ఊరు" వ్యాసం ఇచ్చినప్పుడు నేను కాప్రా గురించి రాశాను. కాప్రా చెరువు, ఈతచెట్లు, వానాకాలంలో బడికి వెళ్లే దారిలో బురద, చెరువుగట్టు మీద బర్రెలు. సార్ నన్ను బల్ల దగ్గరికి పిలిచి, "మీది కర్నూలు వైపు కదా, మాట తీరు చెబుతోంది. కాప్రా రాశావేం?" అన్నారు. "మా ఊరు లేదు సార్, మునిగిపోయింది" అన్నాను. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. సార్ నవ్వలేదు. "మునిగినా ఊరే కదరా. రాసుకురా" అన్నారు. నోటుబుక్కులో మార్కులు వేయలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేసి సంతకం పెట్టారు.

నేను రాయలేదు. ఏం రాయాలో తెలియలేదు. సంవత్సరాంతం వరకు సార్ ఆ పేజీ ఎప్పుడు తిప్పినా ఒక్క క్షణం ఆగి ముందుకు వెళ్లేవారు, అడిగేవారు కాదు. ఆయన తిట్టి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

2003 వేసవి

2003లో వరుస కరవు వల్ల శ్రీశైలంలో నీళ్లు బాగా తగ్గాయి. నీటిమట్టం సుమారు 840 అడుగుల కంటే దిగువకు పడితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. రెండు దశాబ్దాల తర్వాత గుడి తేలిందని పేపర్లో చదివి నాన్న నాకు ఫోన్ చేశాడు. ఊరు మునిగాక ఆయన ఎప్పుడూ అటు వెళ్లలేదు. కర్నూలు దాకా పని మీద వెళ్లినా అక్కడి నుంచే తిరిగొచ్చేవాడు. అప్పటికి జేజి పోయి చాలా ఏళ్లయింది. "ఒకసారి పోయొద్దాం" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

కర్నూలు, నందికొట్కూరు మీదుగా వెళ్లి, చివరి కొన్ని మైళ్లు పర్రెలు వారిన ఒండ్రు మీద నడిచాం. ప్రహరీ గోడలు పడిపోయాయి. గర్భగుడి, దాని మీది చిన్న శిఖరం నిలిచాయి. లోపల నిండిన మట్టిని జనం పారలతో ఎత్తిపోశారు. చెక్క లింగం ఉంది. నేను చెయ్యి వేసి చూశాను. రాయిలా చల్లగా లేదు.

చెక్క ఎలా నిలిచిందని అందరూ అడుగుతారు. మహిమ అనేవాళ్లను నేను కాదనను. నా చదువు చెప్పే మాట కూడా చెబుతాను. చెక్కను కుళ్లబెట్టేది నీరు కాదు, బూజు. బూజు బతకాలంటే తేమ, గాలి రెండూ కావాలి. ఎండిన చెక్కలో తేమ ఉండదు, నీటి అడుగున బురదలో గాలి ఉండదు. ప్రమాదమంతా ఈ రెండింటి మధ్య. అందుకే కంచెగుంజ ఎప్పుడూ నేలమట్టం దగ్గరే విరుగుతుంది. వెనిస్ నగరపు భవనాలు శతాబ్దాలుగా నీటి అడుగు మట్టిలో పాతిన చెక్క గుంజల మీదే నిలబడి ఉన్నాయి. పైగా ఇది వేప, దాని చేదు చెదలకు గిట్టదు. నీళ్లతో పాటు వచ్చే ఒండ్రు గర్భగుడిని నింపి, లింగం మీద దుప్పటిలా పరుచుకుంటుంది. మా వృత్తిలో ఒండ్రు శత్రువు. 308 టీఎంసీలతో మొదలైన శ్రీశైలం జలాశయం సామర్థ్యం ఒండ్రు వల్లే 215 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. జలాశయాన్ని తినేస్తున్న ఆ మట్టే ఆ చెక్కకు కాపలా.

గుడి దగ్గర నాన్న ఎక్కువసేపు ఆగలేదు. ఊరున్న చోటికి నడిచాడు. నాకు అక్కడ కనిపించింది పగిలిన మట్టినేల, అక్కడక్కడ రాళ్ల గుట్టలు. నాన్నకు వీధులు కనిపించాయి. "ఇది సాలెవాళ్ల సందు. ఇదిగో, ఇది కుమ్మరి ఆము. ఇక్కడ చావిడి, దాని ముందు చింతచెట్టు. ఈ మూల మీద మీ అవ్వగారి ఇల్లు" అంటూ మలుపులు తిరుగుతూ నడిచాడు. అక్కడ మలుపులే లేవు. నా దగ్గర సైటు డైరీ ఉంది. ఆయన వెనక నడుస్తూ గీయడం మొదలుపెట్టాను. ఇల్లు ఇల్లుకూ ఆగి ఎవరిదో చెప్పాడు, ఆ ఇంట్లో ఎంతమందో, ఎటు వలస పోయారో చెప్పాడు. మూడు గంటలు పట్టింది. 71 ఇళ్లు వచ్చాయి. చివర ఒకచోట ఆగి కాలితో మట్టి గీరాడు. కింద రాయి తగిలింది. జేజి తెచ్చుకోలేకపోయిన తొక్కుడు రాయి అది.

తీసుకుపోదామా అన్నాను. "వద్దులే. ఈడొకటి ఉండనీ" అన్నాడు.

ఆ డైరీలోని గీతను నేను తర్వాత కాగితం మీద స్కేలుకు వేశాను. 2009 అక్టోబరు వరదల్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చి, నీటిమట్టం 885ను మించి 896 అడుగులు దాటిన రాత్రి, నాన్న టీవీ ముందు కూర్చుని ఆ కాగితాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఊరు ఎప్పుడో మునిగింది, ఇంకో పదకొండు అడుగులు ఎక్కువైతే దానికేం కొత్తగా పోదు. అయినా పెట్టుకున్నాడు. ఆయన పోయాక ఆ కాగితం నా దగ్గరికి వచ్చింది. ఆ 71 ఇళ్ల వరుస పూర్తిగా తెలిసినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. ఉన్నది ఆ కాగితమే.

మిగతా లోకంలో

ఇది మన ఒక్కరి కథ కాదు. నాగార్జునసాగర్ నిండేలోపు 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, నాగార్జునకొండ కట్టడాల్లో కొన్నింటిని కొండ మీద తిరిగి నిలబెట్టారు. అదే దశకంలో ఈజిప్టులో నైలు నది మీద అస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు, అబూ సింబెల్ ఆలయాలను 1964 నుంచి 1968 వరకు దిమ్మెలుగా కోసి సుమారు 65 మీటర్ల ఎత్తుకు చేర్చారు. రష్యా ఉత్తర ప్రాంతంలో ఊళ్లు ఖాళీ అవుతుంటే, లెలికోజెరో అనే పల్లెలోని చిన్న చెక్క ప్రార్థనా మందిరాన్ని 1961లో కిజీ ద్వీపానికి తెచ్చి నిలబెట్టారు. ఇప్పుడు దాన్ని చూడటానికి దేశదేశాల నుంచి వస్తారు. అదే దేశంలో వోల్గా మీద రీబిన్స్క్ జలాశయం 1941లో నిండడం మొదలై మొలోగా అనే పట్టణాన్ని, ఆరు వందలకు పైగా పల్లెలను ముంచింది. లక్షా ముప్పై వేల మంది కదిలారు. నీళ్లు తగ్గిన ఏడు మొలోగా వీధుల రాళ్లు బయటపడతాయి. అప్పుడు ఆ ఊరి పిల్లలు, మనుమలు వచ్చి చూసి వెళతారు.

ఇవన్నీ చదివాక నాకొకటి తోచింది. గుడి, చర్చి, విగ్రహం, వీటిని కాపాడటం మనిషికి తెలుసు. రాయి, దుంగ, ప్రతిదానికీ అంకె వేయవచ్చు. కానీ సాలెవాళ్ల సందు తర్వాత కుమ్మరి ఆము వస్తుందన్నది ఏ రాతి మీదా ఉండదు. అది మా నాన్న తలలో ఉంది. మూడు గంటలు ఆయన వెనక నడవకపోతే అదీ పోయేది.

రిమార్కుల గడి

నేను ప్రాజెక్టుల పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను. ముంపు గీతలు నేనూ గీశాను. పటం మీద ఆ గీత చాలా అందంగా ఉంటుంది, కొండల వంపులన్నీ తిరుగుతూ పోతుంది. ఆనకట్టలు వద్దని నేను చెప్పను. శ్రీశైలం నీళ్లు తాగి పెరిగిన ఊళ్లు, దాని కరెంటుతో నడిచిన మోటార్లు నేను కళ్లారా చూశాను. కుషాయిగూడలో మా నాన్న పనిచేసిన యంత్రాలూ ఎక్కడిదో కరెంటుతోనే కదా నడిచింది.

కానీ ఒకసారి ఒక పల్లెలో మట్టాలు తీస్తుంటే ఒక ముసలమ్మ వచ్చి, "అయ్యా, మా చింతచెట్టు గీతకు ఇవతలా, అవతలా?" అని అడిగింది. ఇల్లు అడగలేదు, చెట్టు అడిగింది. గీతకు లోపలే అని నాకు తెలుసు. "ఇంకా తేలలేదమ్మా" అన్నాను. అది అబద్ధం. అరుగు మీద కూర్చున్న మా జేజికి నాన్న జవాబు ఎందుకు చెప్పలేదో ఆ రోజు నాకు తెలిసింది.

అప్పటి నుంచి నా కింద పనిచేసే కుర్రవాళ్లకు ఒక మాట చెబుతూ వచ్చాను. సర్వే ఫారంలో ఇల్లు, బావి, చెట్లు, విస్తీర్ణం, విలువ అన్నిటికీ గడులున్నాయి. వీధి పేరుకు గడి లేదు. చావిడి ఎక్కడుండేది, దేవర ఏ వీధిలోంచి వచ్చేది, ఏ బావి నీళ్లు తియ్యగా ఉండేవి, వీటికి గడులు లేవు. చివర రిమార్కులు అని ఒక గడి ఉంటుంది. అందులో రాయండి అన్నాను. కొందరు రాశారు. పై అధికారుల్లో ఎవరూ ఆ గడి చదివినట్టు లేదు. పరిహారం ఒక్క రూపాయి పెరగలేదు. కానీ ఆ కాగితాలు ఉన్నాయి. ఎప్పుడో ఒక మనుమడు వచ్చి అడిగితే చూపించడానికి ఉన్నాయి.

ఇది పాత సంగతి కాదు. పోలవరం ముంపులో 370కి పైగా నివాస ప్రాంతాలు ఉన్నాయి. మనకు దగ్గర్లోనే, మల్లన్నసాగర్ కింద వేములఘాట్ లాంటి ఊళ్లు ఈ మధ్యనే ఖాళీ అయ్యాయి. ఆ పిల్లలు కూడా ఏదో ఒక బడిలో "మా ఊరు" అనే వ్యాసం ముందు కూర్చునే ఉంటారు.

కాప్రా మాట

ఊరు మునగడానికి నీళ్లే రానక్కర్లేదు. మనం చదువుకున్నప్పటి కాప్రా ఎక్కడుంది? 2007లో కాప్రా మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. చెరువు చుట్టూ అపార్టుమెంట్లు, ఈతచెట్ల చోట షోరూములు. ఇది ఫిర్యాదు కాదు, ఆ అపార్టుమెంట్లలో ఒకదాంట్లో నేనూ ఉంటున్నాను. తెలంగాణలో ప్రతి పాత ఊరికీ ఒక బొడ్రాయి ఉంటుంది, ఊరికి బొడ్డు లాంటి రాయి. ఊరు ఎంత పెరిగినా అది కదలదు. మన బడి నుంచి అయిదు నిమిషాలు నడిచి కాప్రా పాత ఊళ్లోకి వెళ్లి అక్కడి పెద్దలను ఏమైనా అడిగినవాళ్లం మనలో ఎంతమంది ఉన్నాం? నేను అడగలేదు. మనమంతా మన మన ఊళ్ల గురించి గొప్పలు చెప్పుకున్నాం గాని, మనకు చోటిచ్చిన ఊరి సంగతి పట్టించుకోలేదు.

అందుకే సంఘానికి నాదొక విన్నపం. స్వర్ణోత్సవం పేరున మనం జ్ఞాపికలు పంచుకుంటాం, భోజనాలు చేస్తాం, మంచిదే. దానితోపాటు ప్రతి ఒక్కరూ ఒక్క కాగితం రాసివ్వండి. అమ్మానాన్నలు ఎక్కడి నుంచి వచ్చారో, ఆ ఊళ్లో మీ ఇంటికి కుడివైపు ఎవరు, ఎడమవైపు ఎవరు అన్నది చాలు. కాప్రా పాతవాళ్లు కాప్రా గురించి రాయండి. రాయడం రాకపోతే గీయండి. అమ్మానాన్నలు ఉన్నవాళ్లు ఈ ఆదివారమే వాళ్ల పక్కన కూర్చోండి. మా నాన్నకు మూడు గంటలే పట్టింది.

సంగమేశ్వరం ఇప్పటికీ నీళ్లు తగ్గినప్పుడు బయటపడుతుంది, వానలొస్తే మునుగుతుంది. నీళ్లు పెరుగుతుంటే పూజారి మోకాటి లోతులో నిలబడి హారతి ఇస్తాడు. ఇంకా పెరిగితే పడవ మీద వెళ్లి శిఖరానికి పూజ చేసి, ఆ ఏటికి సెలవు తీసుకుంటాడు. వేసవిలో మళ్లీ వచ్చి మట్టి తీస్తారు. వీలైతే ఒకసారి వెళ్లి రండి. తెలంగాణ వైపు నుంచి అయితే సోమశిల నుంచి పడవలు ఉంటాయి. వెళ్లినవాళ్లు గుడి చూసి తిరిగొచ్చేయకండి. కాస్త దూరం నడిస్తే రాళ్ల గుట్టలు కనిపిస్తాయి. అవి ఇళ్లు.

సార్, మీరు ఆ పేజీలో మార్కుల చోటు ఖాళీగా వదిలారు. మార్కులు అక్కర్లేదు. మా ఊళ్లో 71 ఇళ్లు, మూడు సందులు, ఒక చావిడి, ఒక చింతచెట్టు ఉండేవి. పక్కన ఏరు. ఏటి ఒడ్డున ఒక చిన్నగుడి, అందులో వేపచెక్క దేవుడు. ఇది మా ఊరు.